రైతుల సంతకు డెలివరీ యాప్: ఏది ఎంచుకోవాలి, ఏది వదిలేయాలి

రైతుల సంత సరుకును ఇళ్లకు చేర్చే యాప్ చేయించాలనుకున్నవాళ్లు మొదట అడిగేది ఎక్కువగా ఒకటే: "ఫ్లటర్‌లో చేయించాలా, రియాక్ట్ నేటివ్‌లోనా?" రెండూ యాప్ తయారుచేసే సాధనాలు. డెవలపర్లు కూడా ఈ ప్రశ్నకు ఉత్సాహంగా జవాబు చెబుతారు, ఎందుకంటే అది వాళ్లకు తెలిసిన విషయం. నన్నడిగితే ఆ ప్రశ్న ఐదోదో ఆరోదో. మొదట తేల్చుకోవాల్సింది ఇది: ఆర్డర్ వచ్చాక కోత కోస్తారా, కోసి తెచ్చాక ఆర్డర్ తీసుకుంటారా? దీనికి జవాబు దొరికితే యాప్‌లో ఏ స్క్రీన్ ఉండాలో, డబ్బు ఎప్పుడు తీసుకోవాలో, డెలివరీకి ఎంతమంది కావాలో చాలావరకు తేలిపోతుంది. టెక్నాలజీ ఎంపిక కూడా ఆ తర్వాత సగం సులువవుతుంది.

అప్పటికప్పుడు డెలివరీయా, గడువు పెట్టి ఆర్డర్లా?

సూపర్‌మార్కెట్ యాప్‌లో ప్రతి వస్తువుకీ బార్‌కోడ్ ఉంటుంది, ఎన్ని ప్యాకెట్లు మిగిలాయో కంప్యూటర్‌కి తెలుసు. సంతలో అలా కుదరదు. రైతు ముందు నిలబడ్డ మనిషికి చివరి రెండు కట్టల ఆకుకూర అమ్మేసి, ఆ సంగతి ఫోన్‌లో నమోదు చేసేలోపే అదే కట్టలకు యాప్‌లో ఇంకొకరు డబ్బు కట్టేసి ఉంటారు. అప్పుడు ఫోన్ చేసి క్షమాపణ చెప్పడం, బదులు ఇంకోటి పంపమంటారా అని అడగడం, రిఫండ్ ఇవ్వడం. ఇలా రెండు మూడు సార్లు జరిగితే కొనేవాళ్లు యాప్ తీసేస్తారు.

అందుకే అప్పటికప్పుడు డెలివరీ పద్ధతి నడవాలంటే ఒక షరతు ఉంది. యాప్ కోసం కేటాయించిన సరుకు పొద్దున్నే పక్కకు తీసి, వేరే చోట, వేరే లెక్కలో ఉంచాలి. దుకాణం దగ్గర ఎంత గిరాకీ ఉన్నా దాన్ని ముట్టుకోకూడదు. సాయంత్రానికి మిగిలితే ఆ నష్టం ఎవరిదో ముందే రాసుకోవాలి. ఇంత కట్టుబాటు కుదిరే సంతలు తక్కువ.

గడువు పద్ధతి దీనికి తలకిందులు. రైతులు ఈ వారం తమ దగ్గర ఏం ఉండబోతోందో, సుమారు ఎంత ఇవ్వగలరో పెడతారు. ఫలానా రోజు సాయంత్రం దాకా ఆర్డర్లు తీసుకుని మూసేస్తారు. మూసిన వెంటనే ఒక్కో రైతుకూ "నీవి ఇన్ని కిలోలు, ఇన్ని కట్టలు" అని మొత్తం వెళుతుంది. అంతే కోస్తారు, అంతే తెస్తారు. ఫ్రాన్స్‌లో 2011 నుంచి నడుస్తున్న లా రూష్ కీ దీ వీ అనే సంస్థ ఈ దారినే పట్టింది: వారంలో ఆన్‌లైన్ ఆర్డర్, తర్వాత ఒక నిర్ణీత చోట, నిర్ణీత సమయంలో సరుకు అందజేత. ఆస్ట్రేలియాలో పుట్టిన ఓపెన్ ఫుడ్ నెట్‌వర్క్ అనే ఓపెన్ సోర్స్ వేదిక మొత్తం కూడా 'ఆర్డర్ సైకిల్' (ఆర్డర్లు తెరవడం నుంచి సరుకు చేరేదాకా ఒక విడత) అనే ఈ భావన మీదే నిలబడి ఉంది.

దీనికీ ఇబ్బంది ఉంది. ఈ పూట వండాలనుకున్నవాళ్లకు ఇది పనికిరాదు, గుర్తులేనివాళ్లు గడువు దాటేస్తారు. కాబట్టి హోమ్ స్క్రీన్‌లో అన్నిటికన్నా పెద్దగా కనిపించాల్సింది ఆఫర్ల బ్యానర్లు కావు. ఆర్డర్ ఎప్పుడు మూసేస్తారు, సరుకు ఎప్పుడు వస్తుంది అనే రెండు విషయాలే. దాని కింద "పోయిన సారి బుట్ట మళ్లీ నింపు" అనే బటన్. గడువుకు కొన్ని గంటల ముందు ఒక్క నోటిఫికేషన్ చాలు. రోజూ నోటిఫికేషన్లు పంపే యాప్‌కి జనం ముందు చేసే పని నోటిఫికేషన్లు ఆపేయడం, అప్పుడు అసలైనది కూడా చేరదు.

మూడో దారి చందా పెట్టె: ముందే డబ్బు కట్టించుకుని, వారం వారం ఆ కాలంలో పండినవి రైతే ఎంచి పంపడం. సాఫ్ట్‌వేర్ పరంగా అన్నిటికన్నా తేలిక ఇదే. "ఈ వారం వద్దు" అనే బటన్, "ఇవి మాకు పంపొద్దు" అనే చిన్న జాబితా ఉంటే దాదాపు సరిపోతుంది. రెండూ లేకపోతే మాత్రం తినని కూరలు ఇంట్లో పేరుకుని జనం చందా మానేస్తారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా గడువు పద్ధతే. ఇక్కడి నుంచి నేను రాసేది ఎక్కువగా దాన్ని దృష్టిలో పెట్టుకునే.

ఒకే బుట్టా, రైతుకో బుట్టా?

హోటల్ భోజనం తెచ్చే యాప్‌లు చాలావరకు ఒకసారికి ఒక హోటల్ నుంచే ఆర్డర్ పెట్టనిస్తాయి. ఆ నమూనాను చూసి రైతుకో బుట్ట పెట్టాలనే ఆలోచన చాలామందికి వస్తుంది, ఎందుకంటే తయారు చేయడం సులువు. కూరగాయలకు అది నప్పదు. ఆకుకూర ఒకరి దగ్గర, టమాటా ఇంకొకరి దగ్గర, గుడ్లు మరొకరి దగ్గర కొనే ఇంటికి మూడు ఆర్డర్లు, మూడు డెలివరీ చార్జీలు పడతాయి. ఒకే బుట్ట ఉండాల్సిందే. అందుకు బదులుగా సరుకంతా ఒకచోట చేర్చి, ఇంటింటికీ విడదీసి సర్దే మనుషులు కావాలి. యాప్ ఎంత బాగున్నా ఆ చోటు, ఆ మనుషులు లేకపోతే పని జరగదు.

ఇద్దరు రైతులు ఒకే రకం టమాటా పెడితే ఎలా చూపించాలనేది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సంతలో గొడవలు మొదలయ్యేది ఇక్కడే. రెండూ వేర్వేరుగా చూపిస్తే జాబితా పొడవై, పైన కనిపించినవాళ్లకే అమ్మకం. కలిపి ఒకటిగా చూపిస్తే ఎవరి సరుకు ముందు పోవాలనే తగువు. నాకు నచ్చిన పద్ధతి: టమాటా ఒక్కసారే కనిపించాలి, నొక్కితే లోపల రైతుల పేర్లు, ధరలు రావాలి, వాళ్ల వరుస ఆర్డర్ సైకిల్‌కోసారి మారాలి. డేటాబేస్‌లో మాత్రం ఏం చేసినా సరే, ఆర్డర్‌లోని ప్రతి వరుసకూ రైతు గుర్తింపు తప్పకుండా ఉండాలి. ఇది తర్వాత చేర్చుకుందాం అనుకుంటే పాత ఆర్డర్ల లెక్కలన్నీ తవ్వుకోవాల్సి వస్తుంది.

తూకం, దాంతో వచ్చే డబ్బు చిక్కు

మామూలు షాపింగ్ యాప్‌ను సంతకు తగిలిస్తే ఎక్కువగా బెడిసికొట్టేది ఈ చోటే. గుమ్మడికాయ కిలో అని ఆర్డర్ పెడతారు, పొలంలో దొరికేది కిలో మూడొందల గ్రాములు. ఎంత డబ్బు తీసుకోవాలి? మూడు దారులున్నాయి.

ముందే తూచి ప్యాక్ చేయడం ఒకటి. అరకిలో, కిలో ప్యాక్‌లు, కట్టలు, కాయల లెక్క. యాప్‌కి ఏ టెన్షనూ లేదు, ధర ఆర్డర్ పెట్టేటప్పుడే ఖాయం. పని మాత్రం రైతు మీదో సర్దేవాళ్ల మీదో పడుతుంది. పైగా తూకం తగ్గకూడదని ప్రతి ప్యాక్‌లో కొంచెం ఎక్కువే వేస్తారు, ఆ కొంచెం నెల తిరిగేసరికి తక్కువేం ఉండదు.

రెండోది, అంచనా ధర చూపించి తూచిన తర్వాత అసలు ధర తీసుకోవడం. కార్డుల్లో దీనికి సౌకర్యం ఉంది: ముందు కొంత మొత్తాన్ని ఆపి ఉంచి, తర్వాత అసలైనంత వసూలు చేయవచ్చు. ఆపినదానికంటే తక్కువ తీసుకోవచ్చు, ఎక్కువ తీసుకోవడం మామూలుగా కుదరదు. కాబట్టి అంచనాకు పైన పది పదిహేను శాతం కలిపి ఆపాలి. ఇంకో సంగతి: ఇలా ఆపిన మొత్తం ఎల్లకాలం ఉండదు. ఆన్‌లైన్ కార్డు చెల్లింపుల్లో చాలాచోట్ల దాని ఆయుష్షు వారం లోపే. వారం రోజుల ఆర్డర్ సైకిల్‌లో మొదటి రోజే మొత్తం ఆపితే, సరుకు చేరే రోజుకి అది గడువు తీరి పోయి ఉండొచ్చు. ఆర్డర్ మూసే సమయంలో ఆపమని డెవలపర్‌కి స్పష్టంగా చెప్పండి. ఎక్కువ మొత్తం ఎందుకు ఆగిందో బిల్లు పక్కనే ఒక వాక్యంలో రాయించండి. లేదంటే బ్యాంకు మెసేజ్ చూసి "ఎక్కువ కోశారు" అని మొదటి వారమే ఫోన్లు వస్తాయి.

మొత్తాన్ని ఆపే సౌకర్యం లేని చెల్లింపు పద్ధతుల్లో పూర్తి డబ్బు తీసుకుని తేడాను తిరిగి ఇవ్వడమో, తర్వాతి ఆర్డర్‌కు జమ చేయడమో చేయాలి. జమ సులువే గానీ కొనేవాళ్ల డబ్బు మీ దగ్గర నిలవ ఉన్నట్టు లెక్క. ఆ విషయంలో మీ దేశపు నియమాలు ఏమంటున్నాయో చూసుకోవాలి.

మూడోది సరుకు చేతికందాక డబ్బు. తూకం సమస్య పూర్తిగా తీరిపోతుంది. తలుపు తీయనివాళ్ల సరుకు వెనక్కి వస్తే మాత్రం దాన్ని మళ్లీ అమ్మడానికి ఉండదు, ఆకుకూర రేపటిదాకా ఆగదు. పాత కొనుగోలుదారులకు మాత్రమే ఈ అవకాశం ఇవ్వడం మేలు.

నేనైతే నూటికి ఎనభై వంతులు ప్యాక్‌గా, కట్టగా, కాయగా పెట్టించి, గుమ్మడి, పుచ్చకాయ లాంటి వాటికి మాత్రమే అంచనా తూకం ఉంచుతాను. ఆ వస్తువుల ధర పక్కన 'సుమారు' అనే మాట బుట్టలో, బిల్లులో, నోటిఫికేషన్‌లో అన్నిచోట్లా కనబడాలి. లోపల లెక్కలకు ఒక జాగ్రత్త: డబ్బును పైసల్లో, తూకాన్ని గ్రాముల్లో, రెండింటినీ పూర్ణాంకాలుగా దాచమనండి. కంప్యూటర్ దశాంశాల లెక్కలో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు. ఒక్క బిల్లులో అది కనిపించదు, రైతులకు నెలాఖరు చెల్లింపుల మొత్తంలో కనిపిస్తుంది.

ఇప్పుడు టెక్నాలజీ

మెసేజింగ్ గ్రూప్, ఒక ఆన్‌లైన్ ఫారం, ఒక స్ప్రెడ్‌షీట్. చాలా సంతలకు మొదటి సీజన్‌కి ఇదే సరైన యాప్. ఇది చిన్నతనంగా అనిపించి దాటేస్తారు గానీ, జనం నిజంగా ఏం కొంటారో, గడువు ఏ రోజు పెడితే బాగుంటుందో తెలుసుకోవడానికి ఇంతకంటే చవక దారి లేదు. రైతులవారీ మొత్తాలు చేత్తో కూడుతూ రాత్రిళ్లు మేలుకోవాల్సి వచ్చినప్పుడు తర్వాతి మెట్టు ఎక్కండి.

ఆ మెట్టు సిద్ధంగా ఉన్న వేదిక కావచ్చు. ఓపెన్ ఫుడ్ నెట్‌వర్క్‌లో రైతుల ఖాతాలు, ఆర్డర్ సైకిళ్లు, రైతులవారీ రిపోర్టులు ముందే ఉన్నాయి. రూబీ ఆన్ రెయిల్స్‌లో రాసిన వెబ్ సాఫ్ట్‌వేర్ అది, కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. మామూలు ఆన్‌లైన్ దుకాణం సాఫ్ట్‌వేర్లలో అందమైన స్క్రీన్లు దొరుకుతాయి గానీ, అనేకమంది అమ్మకందారులు, గడువు, మారే తూకం అనే మూడింటికీ విడివిడిగా యాడ్‌ఆన్‌లు కొనాల్సి వస్తుంది. అవి ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తాయో లేదో కొనకముందే ట్రయల్‌లో చూసుకోవాలి.

సొంతంగా చేయించుకోవాలంటే నా మొదటి ఓటు పీడబ్ల్యూఏకి, అంటే ఫోన్ హోమ్ స్క్రీన్ మీద పెట్టుకోగల వెబ్‌సైట్‌కి. లింక్ పంపితే చాలు, యాప్ స్టోర్ల అనుమతి అక్కర్లేదు, పొద్దున సరిదిద్దిన తప్పు మధ్యాహ్నానికి అందరి ఫోన్లలో సరై ఉంటుంది. దీని బలహీనత నోటిఫికేషన్లు. ఆండ్రాయిడ్‌లో బాగానే వస్తాయి. ఐఫోన్‌లో 2023 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 16.4 నుంచి మాత్రమే, అదీ హోమ్ స్క్రీన్‌కి చేర్చుకున్న వాటికే వస్తాయి. అలా చేర్చుకోవచ్చని చాలామందికి తెలియదు. గడువు గుర్తుచేయడానికి ఎస్ఎంఎస్ గానీ మెసేజింగ్ యాప్ గానీ వాడితే ఈ లోటు పెద్దగా తెలియదు.

ఇక ఫ్లటర్, రియాక్ట్ నేటివ్. రెండూ ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ యాప్ ఇస్తాయి, రెండూ ఈ పనికి చాలు. ఫ్లటర్ గూగుల్‌ది, డార్ట్ భాష, బటన్ల నుంచి జాబితాల దాకా అన్నీ తానే గీస్తుంది కాబట్టి పాత ఫోన్లలోనూ స్క్రీన్ ఒకేలా కనిపిస్తుంది. రియాక్ట్ నేటివ్‌ను ఫేస్‌బుక్ 2015లో విడుదల చేసింది, జావాస్క్రిప్ట్, ఫోన్ సొంత బటన్లనే వాడుతుంది, మీ వెబ్‌సైట్ రియాక్ట్‌లో ఉంటే అదే టీమ్ చూసుకోగలదు. ఈ రెండింటి మధ్య తేడా కన్నా, రెండేళ్ల తర్వాత కూడా ఫోన్ ఎత్తే డెవలపర్ ఎవరనేది ముఖ్యం. వాళ్లకు ఏది వస్తే అది. ఆండ్రాయిడ్‌కి ఒకటి, ఐఫోన్‌కి ఒకటి విడివిడిగా రాయించడం మాత్రం ఒక సంతకు అనవసర ఖర్చు.

స్టోర్లలో పెట్టేముందు తెలిసి ఉండాల్సినవి కొన్ని. యాపిల్ డెవలపర్ సభ్యత్వం ఏడాదికి 99 డాలర్లు, గూగుల్ ప్లేకి ఒక్కసారి 25 డాలర్లు. కూరగాయలు చేతికందే వస్తువులు కాబట్టి వాటి అమ్మకం మీద స్టోర్‌కి కమిషన్ ఉండదు, మీ సొంత చెల్లింపు పద్ధతి పెట్టుకోవాలి. ఉన్న వెబ్‌సైట్‌ను ఊరికే యాప్ తొడుగులో పెట్టి పంపితే యాపిల్ తిప్పి పంపే అవకాశం ఎక్కువ. యాప్‌లో ఖాతా తెరిచే వీలు ఉంటే, యాప్‌లోంచే ఖాతా తొలగించే వీలూ ఉండాలన్నది యాపిల్ 2022 నుంచి అమలు చేస్తున్న నియమం. గూగుల్‌లో కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిస్తే, అందరికీ విడుదల చేసేముందు కనీసం 12 మంది పరీక్షకులతో 14 రోజులు ఆపకుండా పరీక్ష నడపాలి. "వచ్చే సోమవారం ప్రారంభం" అని పోస్టర్లు వేసేముందు ఈ రోజులు లెక్కలో వేసుకోండి.

నలుగురు మనుషులు, ఒకే యాప్ కానక్కర్లేదు

కొనేవాళ్లు, రైతు, సర్దేవాళ్లు, డెలివరీ మనిషి. కొటేషన్ అడిగితే చాలా కంపెనీలు నలుగురికీ నాలుగు యాప్‌లు రాసిస్తాయి. అసలైన యాప్ కావాల్సింది కొనేవాళ్లకొక్కరికే.

రైతుకు వారానికి రెండు పనులు: ఏం ఉందో చెప్పడం, ఎంత తేవాలో తెలుసుకోవడం. మొదటి దానికి పోయిన వారం జాబితా తెరుచుకుని పక్కన ప్లస్, మైనస్ బటన్లు ఉన్న ఒక్క పేజీ చాలు. రెండో దానికి ఒక మెసేజ్ చాలు. ఆ పేజీని ఎండలో, మట్టి చేతులతో వాడతారని గుర్తుపెట్టుకోండి. గూగుల్ డిజైన్ మార్గదర్శకాలు (మెటీరియల్ డిజైన్) వేలితో నొక్కే చోటు కనీసం 48 డీపీ ఉండాలంటాయి, యాపిల్ 44 పాయింట్లు అంటుంది (రెండూ స్క్రీన్ మీద కొలతలు). ఇక్కడ అంతకంటే పెద్దవే పెట్టించండి. తెల్లటి మీద లేత బూడిద అక్షరాలు డిజైనర్ ల్యాప్‌టాప్‌లో ముచ్చటగా ఉంటాయి, పొలంలో ఏమీ కనబడవు. సిగ్నల్ పోయినా నమోదు చేసింది పోకూడదు, సిగ్నల్ వచ్చాక తనంతట తానే చేరాలి.

సర్దేవాళ్లకు నేను కాగితమే ఇస్తాను. తడి చేతులతో ఫోన్ తెరవడం కంటే ప్రింట్ తీసిన జాబితా మీద టిక్ పెట్టడం వేగం. జాబితా వరుస మాత్రం ఆలోచించి చేయాలి: బరువైనవి, గట్టివి ముందు, ఆకుకూరలు, మెత్తటి పండ్లు చివర. అక్షరక్రమంలో ప్రింటైన జాబితాను నమ్ముకుంటే బుట్ట అడుగున టమాటాలు నలిగిపోతాయి.

డెలివరీ మనిషికి ఇళ్ల వరుస, ఫోన్ నంబర్, మ్యాప్ లింక్ ఉన్న పేజీ ఒకటి. బండి ఎక్కడుందో నిమిష నిమిషం చూపించే ట్రాకింగ్ గడువు పద్ధతిలో అలంకారమే. దానికోసం బ్యాక్‌గ్రౌండ్ లొకేషన్ అనుమతులు, బ్యాటరీ ఖర్చు, వేరే యాప్. "తర్వాతి ఇల్లు మీదే" అని ఒక మెసేజ్ పంపే బటన్ అదే పని చేస్తుంది.

ఇంటికా, పికప్ పాయింట్‌కా?

సరుకులు ఇంటికి చేర్చే వ్యాపారాలు చాలావరకు దెబ్బతిన్నది ఇంటింటికీ తిరిగే ఖర్చు దగ్గరే. అమెరికాలో ఇళ్లకు సరుకులు చేర్చిన వెబ్‌వాన్ 1999లో గిడ్డంగుల నిర్మాణానికి వంద కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుని, తగినంత ఆర్డర్లు లేక 2001లో దివాలా తీసింది. అక్కడే స్థానిక రైతుల సరుకు అమ్మిన గుడ్ ఎగ్స్ 2015లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతం తప్ప మిగతా నగరాల్లో సేవలు మూసేసింది. ఒకే వీధిలో ఎన్ని ఇళ్లు ఆర్డర్ పెడతాయన్న దాని మీదే లాభనష్టాలు ఆధారపడతాయి.

కాబట్టి ఊరంతటికీ రోజూ డెలివరీ అని మొదలుపెట్టకండి. ప్రాంతానికో రోజు, రోజుకు ఒకటి రెండు స్లాట్లు. పికప్ పాయింట్‌ను యాప్‌లో మొదటి ఎంపికగా, ఉచితంగా పెట్టి, ఇంటి డెలివరీకి చార్జీ విడిగా చూపించండి. ఆ చార్జీని కూరగాయల ధరలో కలిపేస్తే రైతు ఎక్కువ ధరకు అమ్ముతున్నట్టు కనిపిస్తుంది. బయటి కొరియర్ సంస్థలు ఆర్డర్లు తక్కువున్నప్పుడు నయం. ఒకే దారిలో ఆర్డర్లు ఎక్కువయ్యాక సొంత బండి చవక.

దారి లెక్కించే ఖరీదైన సాఫ్ట్‌వేర్ మొదట్లో అక్కర్లేదు. పది ఇళ్లను తిరగడానికే 36,28,800 వరుసలున్నాయని చెప్పి భయపెట్టేవాళ్లుంటారు. నిజమే గానీ ఆ పది ఇళ్లూ ఒకే ప్రాంతంలో ఉంటే, దారులు తెలిసిన మనిషి వేసుకునే వరుస చాలు. ఇళ్లు పెరిగాక గూగుల్ ఉచితంగా ఇచ్చే ఓఆర్-టూల్స్‌తో డెవలపర్ ఆ పని చేయించగలడు. చిరునామా తీసుకునేటప్పుడు మాత్రం మ్యాప్ పిన్‌తో పాటు "ఎలా రావాలి" అని సొంత మాటల్లో రాసే గడి తప్పనిసరి చేయండి.

డేటాబేస్ గురించి ఎక్కువ చెప్పను. గూగుల్ క్లౌడ్ డేటాబేస్ ఫైర్‌బేస్ ఫైర్‌స్టోర్‌తో త్వరగా మొదలవుతుంది, ఆఫ్‌లైన్ సౌకర్యం దానిలోనే ఉంది, చదివిన ప్రతి డాక్యుమెంటుకూ లెక్క కట్టి బిల్లు వేస్తుంది. రైతులవారీ మొత్తాలు, చెల్లింపుల రిపోర్టులు తరచుగా తీయాల్సిన ఈ పనికి పోస్ట్‌గ్రెస్ లాంటి పట్టికల డేటాబేస్ నాకు మేలనిపిస్తుంది.

డెవలపర్‌తో ఒప్పందం రాసుకునేటప్పుడు మూడు షరతులు కాగితం మీద ఉండాలి. స్టోర్ ఖాతాలు, డొమైన్, చెల్లింపు ఖాతా మీ సంస్థ పేరు మీద, మీ ఈమెయిల్‌తో తెరవాలి. కోడ్ ఎప్పటికప్పుడు మీ ఖాతాలోని రిపాజిటరీకి (కోడ్ దాచే చోటుకి) చేరాలి. కొనేవాళ్ల జాబితా, ఆర్డర్లు, రైతుల లెక్కలు ఎప్పుడు కావాలంటే అప్పుడు మీరే స్ప్రెడ్‌షీట్‌గా దించుకోగలగాలి. చివరి వాయిదా డబ్బు ఇచ్చేముందు ఆ మూడూ మీరే లాగిన్ అయి చూసుకోండి.